అమ్మకు ఏ ఫోన్ కొనాలి? అనంతపురం ఎండలో, మట్టిలో పనికొచ్చే గిఫ్ట్ గైడ్

మే నెల రెండో ఆదివారం దగ్గర పడుతుందంటే చాలు, "అన్నా, అమ్మకు ఫోన్ కొనాలి, పదిహేను వేలలో ఏది బెస్ట్?" అని మెసేజ్‌లు మొదలవుతాయి. అడిగేవాళ్లలో ఎక్కువ మంది నాలాంటివాళ్లే. బీటెక్ అయ్యాక బెంగళూరులోనో హైదరాబాద్‌లోనో ఉద్యోగం, ఊళ్లో అమ్మానాన్న. మాది కళ్యాణదుర్గం వైపు పల్లె.

ఈ ప్రశ్నకు ఒక మోడల్ పేరు చెప్పి వదిలేయొచ్చు. కానీ మోడల్ పేర్లు ఆరు నెలలకోసారి మారిపోతాయి. పైగా మనం "బెస్ట్" అనేది మన వాడకాన్ని బట్టి. గేమింగ్ స్కోరు, కెమెరా జూమ్, రిఫ్రెష్ రేట్ చూసి కొన్న ఫోన్ అమ్మ చేతిలో ఎందుకు బీరువాలో చేరుతుందో చాలామందికి అర్థం కాదు. అందుకే ఈసారి మోడల్ లిస్టు ఇవ్వడం లేదు. ఎలా ఎంచుకోవాలో ఒక పద్ధతి చెప్తా. ఉదాహరణలన్నీ మా అనంతపురం జిల్లావి. మీ ఊరు వేరైనా పద్ధతి అదే.

మొదటి మెట్టు: అడగొద్దు, గమనించండి

సాఫ్ట్‌వేర్‌లో ఏదైనా కట్టేముందు రిక్వైర్‌మెంట్ తీసుకుంటాం కదా. ఇక్కడ చిక్కేంటంటే మన యూజర్ నిజం చెప్పదు. "ఏం కావాలమ్మా" అని అడిగితే వచ్చే జవాబు అందరి ఇంట్లో ఒకటే: "నాకెందుకురా అంత దుడ్డు పెట్టి? ఉండేది చాల్లే."

కాబట్టి పండక్కి ఊరెళ్లినప్పుడు రెండు మూడు రోజులు ఊరికే చూడండి. ఉగాదికి వెళ్లినప్పుడు నేను రాసుకున్న నోట్స్ ఇవి:

- ఫోన్ రొంటిన దోపుకుని చేనికి పోతుంది. వంగి కలుపు తీసేటప్పుడు రెండుసార్లు కింద పడింది.
- ఎండలో ఫోన్ మోగితే ఎవరు చేశారో కనబడదు. కొంగు నీడ పట్టి చూస్తుంది, లేదా చూడకుండానే ఎత్తుతుంది.
- వాట్సాప్‌లో టైప్ చేయదు. వాయిస్ మెసేజ్ పంపుతుంది, వీడియో కాల్ చేస్తుంది.
- డ్వాక్రా సంఘం పుస్తకంలో వాయిదా రాసిన పేజీని ప్రతి నెలా ఫోటో తీసి పెట్టుకుంటుంది.
- తెల్లవారుజామున, రాత్రి ఎక్కువగా వాడేది టార్చి.
- కాయలు ఒలిచిన చేతులతో వేలిముద్ర పెడితే లాక్ తెరుచుకోదు. మూడుసార్లు ప్రయత్నించి పక్కన పెట్టేస్తుంది.

ఈ ఆరు లైన్లలో ప్రాసెసర్ గురించి ఒక్క మాట లేదు చూడండి. బరువు, స్క్రీన్ వెలుతురు, మైకు, స్టోరేజి, టార్చి, లాక్ ఉన్నాయి. మీ స్పెక్ షీట్ ఇక్కడి నుంచి మొదలుకావాలి.

రెండో మెట్టు: ఊరి వాతావరణాన్ని లెక్కలోకి తీసుకోండి

అనంతపురం కరువు సీమ. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడుతుంది. దేశంలో రాజస్థాన్‌లోని జైసల్మేర్ తర్వాత అతి తక్కువ వాన పడే జిల్లాగా దీన్ని చెబుతుంటారు. ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. మదర్స్ డే వచ్చేది సరిగ్గా అప్పుడే. అమెరికాలో 1914లో ప్రెసిడెంట్ విల్సన్ ఆ తేదీని ప్రకటించేనాటికి మన ఎండలతో ఆయనకు పని లేదు కానీ, మనకు ఉంది.

ఎందుకంటే ఫోన్ బ్యాటరీకి అసలు శత్రువు వేడి. ఉదాహరణకు ఆపిల్ తన ఐఫోన్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాతావరణంలో వాడమని చెప్తుంది. అంటే మా ఊళ్లో మధ్యాహ్నం ఆ హద్దు దాటేసి ఉంటాం. రేకుల ఇంట్లో, బండమీద, బైకు సీటు మీద పెట్టిన ఫోన్ సంగతి చెప్పనక్కర్లేదు. వేడెక్కినప్పుడు ఫోన్ తనను తాను కాపాడుకోవడానికి స్క్రీన్ వెలుతురు తగ్గిస్తుంది, ఛార్జింగ్ నెమ్మది చేస్తుంది, ఒక్కోసారి ఆపేస్తుంది. అలా వేడిలో ఎక్కువ రోజులు నడిస్తే లిథియం అయాన్ బ్యాటరీ సామర్థ్యం త్వరగా పడిపోతుంది.

దీన్నుంచి వచ్చే పాఠాలు మూడు:

ఒకటి, 80 వాట్లు, 120 వాట్లు అనే ఛార్జింగ్ అంకెలకు ఎక్కువ డబ్బు పెట్టకండి. అమ్మ ఫోన్ రాత్రి ఛార్జింగ్‌కు పెడుతుంది. ఆమెకు కావాల్సింది పెద్ద బ్యాటరీ. 5000 ఎంఏహెచ్‌కు తగ్గకుండా చూడండి. కరెంటు పోయినా రెండో రోజు దాకా లాగాలి.

రెండు, చల్లబడ్డాక ఛార్జింగ్ పెట్టడం అలవాటు చేయండి. చేను నుంచి వచ్చిన వెంటనే కాదు, అన్నం తిన్నాక. దిండు కింద, టీవీ మీద కాదు, గాలి తగిలే గూట్లో.

మూడు, సెట్టింగ్స్‌లో "80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపు" లాంటి ఆప్షన్ ఉంటే ఆన్ చేసి ఇవ్వండి. రోజంతా సరిపోవడం లేదంటే తీసేయొచ్చు.

మూడో మెట్టు: ఏ స్పెక్‌కు ఎన్ని మార్కులు

స్క్రీన్ వెలుతురు: ఎండలో కనబడాలంటే నిట్స్ చూడాలి. తక్కువ ధర ఎల్‌సీడీ ఫోన్లు చాలావరకు 500 నిట్స్ దగ్గరే ఆగిపోతాయి. ఇంట్లో బాగుంటాయి, చేలో అద్దంలా మెరుస్తాయి. కంపెనీలు పెద్దగా రాసే "పీక్ బ్రైట్‌నెస్" స్క్రీన్‌లో చిన్న భాగానికి, కొద్దిసేపటికి మాత్రమే. మీరు చూడాల్సింది "హై బ్రైట్‌నెస్ మోడ్" అంకె. అది 800 దాటితే మంచిది. షాపులో కొంటుంటే ఫోన్ తీసుకుని గడప దాటి ఎండలో ఒకసారి చూడండి. ఏ రివ్యూ కంటే ఆ నిమిషం నయం.

అక్షరాల సైజు: ఇంగ్లిష్‌కు సరిపోయే ఫాంట్ సైజు తెలుగుకు సరిపోదు. మన అక్షరానికి పైన తలకట్టు, గుడి ఉంటాయి, కింద వత్తు ఉంటుంది. చిన్న సైజులో "క్ష", "త్ర్య" లాంటివి ముద్దగా కనబడతాయి. ఫోన్‌ను తెలుగులో పెట్టి, ఫాంట్ రెండు మెట్లు పెంచి, తర్వాత ఫోన్‌పేనో వాట్సాపో తెరిచి చూడండి. బటన్ల మీది మాట సగంలో తెగిపోతోందా? తెగితే ఫాంట్ ఒక మెట్టు తగ్గించి డిస్‌ప్లే సైజు పెంచండి.

బరువు: రొంటిన దోపుకునే ఫోన్ 200 గ్రాములు దాటితే జారుతుంది. 190 లోపు ఉంటే మేలు. ఇంకా మంచి ఉపాయం, ఫోన్‌తో పాటు మెడలో వేసుకునే తాడున్న పౌచ్. రెండు మూడు వందల్లో వస్తుంది, వేల రూపాయల స్క్రీన్‌ను కాపాడుతుంది.

దుమ్ము: ఐపీ రేటింగ్‌లో మొదటి అంకె దుమ్ముకు, రెండోది నీళ్లకు. ఐపీ54 అంటే దుమ్ము నుంచి చాలావరకు, నీటి తుంపర నుంచి రక్షణ. ఐపీ67 అంటే దుమ్ము అసలు చొరదు, నీళ్లలో పడినా కొద్దిసేపు తట్టుకుంటుంది. అందరూ రెండో అంకె చూస్తారు. మా సీమలో మొదటి అంకె ముఖ్యం. ఎర్రమట్టి పొడి స్పీకర్ జాలీలోకి, ఛార్జింగ్ పోర్టులోకి దూరితే ఆర్నెల్లకే "సౌండు రాలేదు", "ఛార్జింగ్ ఎక్కలేదు" మొదలవుతాయి.

లాక్: పొలం పని, ఇంటి పని చేసే చేతుల వేలిముద్రలు అరిగిపోతాయి. రేషన్ మిషన్ దగ్గర ఇది మీరు చూసే ఉంటారు. కాబట్టి స్క్రీన్ కింద ఉండే సెన్సర్ కంటే పక్క బటన్‌లో ఉండే సెన్సర్ ఎంచుకోండి. కాయలు ఒలిచే కాలంలో రెండు బొటనవేళ్లూ, ఒక్కోటి రెండేసి సార్లు నమోదు చేయండి. దాంతోపాటు ఆమెకు గుర్తుండే పిన్ ఆమెనే పెట్టుకోనివ్వండి.

శబ్దం: మోటరు పక్కన నిలబడి మాట్లాడాలి. కాబట్టి లౌడ్‌స్పీకర్ గట్టిగా ఉండాలి, ఇయర్‌పీస్ కూడా. ఆన్‌లైన్ రివ్యూల్లో పాటల నాణ్యత గురించే రాస్తారు. మీరు షాపులో ఒక కాల్ చేసి చూడండి.

స్టోరేజి: గుడ్ మార్నింగ్ ఫోటోలకే 64 జీబీ నిండుతుంది. 128 జీబీ తీసుకోండి. వాట్సాప్‌లో వీడియోలు ఆటోమేటిక్‌గా డౌన్‌లోడ్ అవడం ఆపి ఇవ్వండి.

సాఫ్ట్‌వేర్: ఇదొక్కటి బాగా చూడండి. కొన్ని తక్కువ ధర ఫోన్లలో లాక్ స్క్రీన్ మీదే వార్తలు, గేములు, ప్రకటనలు వస్తాయి. మనకు విసుగు. అమ్మకు ప్రమాదం, ఎందుకంటే ఏది ఫోన్ చెప్పే మాటో ఏది ప్రకటనో తెలియదు. ఆ ఫీచర్ ఆపేయొచ్చో లేదో కొనేముందే చూసుకోండి. సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం నాలుగేళ్లు వచ్చేది తీసుకోండి. అమ్మ ఏడాదికో ఫోన్ మార్చదు.

ప్రాసెసర్, కెమెరా, రిఫ్రెష్ రేట్: పుస్తకం పేజీ స్పష్టంగా వస్తే, వీడియో కాల్ ఆగకుండా ఉంటే చాలు. 6 జీబీ ర్యామ్ సరిపోతుంది. ఇక్కడ మిగిలిన డబ్బు స్క్రీన్‌కు, బ్యాటరీకి పెట్టండి.

నాలుగో మెట్టు: సిగ్నల్ కొలవండి

"5జీ ఉందా" అనేది రెండో ప్రశ్న. "చేలో సిగ్నల్ ఉందా" అనేది మొదటిది. కొలవడం తేలిక. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, అబౌట్ ఫోన్, సిమ్ స్టేటస్‌లోకి వెళ్తే సిగ్నల్ స్ట్రెంగ్త్ డీబీఎంలలో కనబడుతుంది. అది మైనస్ అంకె. మైనస్ 90 అంటే బాగున్నట్టు, మైనస్ 110 దాటితే మాట తెగుతుంది. మా ఇంటి వరండాలో మైనస్ 97, చేను దగ్గర మైనస్ 113 చూపించింది. ఇంట్లో ఇంకో కంపెనీ సిమ్ ఉంటే దానితో కూడా అదే చోట కొలవండి. కొన్నిసార్లు కొత్త ఫోన్ కాదు, నంబరు మార్చకుండా వేరే కంపెనీకి పోర్ట్ చేయించడమే అసలు గిఫ్ట్ అవుతుంది.

తక్కువ ఫ్రీక్వెన్సీ అల ఎక్కువ దూరం పోతుంది, గోడల్లోంచి బాగా దూరుతుంది. జియో 5జీకి 700 మెగాహెర్ట్జ్ బ్యాండ్ వాడుతుంది, దాని పేరు ఎన్28. పల్లెకు కొనే 5జీ ఫోన్‌లో ఆ బ్యాండ్ ఉందో లేదో స్పెక్ షీట్‌లో చూడండి. 4జీకి బ్యాండ్ 5, బ్యాండ్ 8 కూడా చూడండి.

ఐదో మెట్టు: నంబరు, ఓటీపీ, పిన్ ఎవరివి?

ఈ ఆర్టికల్‌లో ఒక్క భాగమే చదువుతానంటే ఇది చదవండి.

అమ్మ ఫోన్ నంబరు మాట్లాడుకోవడానికి మాత్రమే కాదు. ఆధార్, బ్యాంకు, డ్వాక్రా అప్పు, పీఎం కిసాన్ కేవైసీ, ఉపాధి కూలి, గ్యాస్, అన్నీ దానికే ముడిపడి ఉంటాయి. ఉపాధి హామీ కూలిని ఆధార్ ఆధారిత పద్ధతిలోనే చెల్లించాలన్న నిబంధన 2024 జనవరి 1 నుంచి తప్పనిసరి అయింది. కొత్త ఫోన్‌తో పాటు "కొత్త ప్లాన్ చవక" అని కొత్త సిమ్ వేసి పాతది రీఛార్జ్ లేకుండా వదిలేస్తే, కొన్ని నెలలకు ఆ నంబరు రద్దవుతుంది. తర్వాత ఇంకెవరికో పోతుంది. ఓటీపీలు కూడా ఆ ఇంకెవరికో పోతాయి.

ఇంకో సమస్య మన ఇళ్లలో మామూలు. బ్యాంకు ఖాతా అమ్మది, అందులో ఇచ్చిన నంబరు నాన్నదో కొడుకుదో. ఓటీపీ కోసం ఆమె ఎవరో ఒకరిని అడగాలి. సంఘంలో వచ్చిన అప్పు తన పేరు మీదే ఉంటుంది, వాయిదా తనే కడుతుంది, కానీ ఖాతాలో ఎంతుందో ఇంకొకరు చెప్తే తప్ప తెలియదు. ఇరవై వేల ఫోన్ ఇచ్చినా ఇది మారకపోతే ఆమెకు ఇచ్చింది వీడియోలు చూసే డబ్బా మాత్రమే.

కాబట్టి గిఫ్ట్‌లో ఈ పనులు కలపండి:

- పాత నంబరే ఉంచండి. సిమ్ ఆమె పేరు మీదే ఉందా చూడండి.
- బ్యాంకు, ఆధార్ రెండింటిలో ఆమె నంబరే ఉందో లేదో సరిచూడండి. లేకపోతే దగ్గరుండి మార్పించండి. ఇవి రెండూ వేర్వేరు పనులు, ఒకటి చేస్తే రెండోది దానంతట అవదు.
- యూపీఐ పిన్ ఆమెనే పెట్టుకోవాలి. మీకు చెప్పాల్సిన పని లేదు.

2024లో యూపీఐ సర్కిల్ అని కొత్త సౌకర్యం వచ్చింది. మీ ఖాతా నుంచి అమ్మ చెల్లించేలా అనుమతి ఇవ్వొచ్చు. పూర్తి అనుమతిలో నెలకు 15,000, ఒక్కోసారికి 5,000 రూపాయల దాకా పరిమితి ఉంటుంది. యూపీఐ లేని అమ్మలకు మంచిదే. ఇందులో రెండో రకం ఉంది, ప్రతి చెల్లింపుకూ మీ ఫోన్‌లో అనుమతి నొక్కాలి. దాన్ని మాత్రం నేను సూచించను. అంగట్లో నిలబడి చక్కెర కొనడానికి బెంగళూరులో మీటింగ్‌లో ఉన్న కొడుకు అనుమతి కోసం ఎదురుచూడటం ఏ అమ్మకైనా చిన్నతనం.

ఆరో మెట్టు: మోసాలకు ముందే తలుపు వేయండి

"పీఎం కిసాన్" పేరుతో వాట్సాప్‌లో ఏపీకే ఫైల్ పంపి ఖాతాలు ఖాళీ చేసే మోసం తెలుగు రాష్ట్రాల్లో చాలామందికి తగిలింది. దీనికి జాగ్రత్తలు చెప్పడం కంటే సెట్టింగ్ మార్చడం నయం. సెట్టింగ్స్‌లో "ఇన్‌స్టాల్ అన్‌నోన్ యాప్స్" తెరిచి వాట్సాప్, క్రోమ్, ఫైల్స్ మూడింటికీ ఆపేయండి. ప్లే ప్రొటెక్ట్ ఆన్‌లో ఉందో లేదో చూడండి.

నేర్పాల్సిన మాటలు రెండే, ఎక్కువ చెప్తే ఏదీ గుర్తుండదు. "డబ్బు రావడానికి పిన్ కొట్టే పనే లేదు. పిన్ కొడితే పోతాయి." "బ్యాంకోళ్లమని భయపెడితే ఫోన్ పెట్టేయ్, నాకు చెయ్." 1930 అనే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ నంబరును ఆమె ఫోన్‌లో సేవ్ చేసి పెట్టండి. డబ్బు పోతే ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ఫోనే కావాలా?

గమనించాక ఒక్కోసారి తేలేది "ఉన్న ఫోన్ చాలు" అని. అప్పుడు అదే డబ్బు పెట్టదగినవి మా వైపు ఇవి:

బోరుకు మొబైల్ స్టార్టర్: స్టార్టర్ డబ్బాకు సిమ్ ఉన్న కంట్రోలర్ బిగిస్తారు. ఇంటి నుంచే కాల్ చేసి మోటరు వేయొచ్చు, ఆపొచ్చు. కరెంటు వస్తే కబురు చేసే మోడళ్లూ ఉన్నాయి. చీకట్లో పాములు తిరిగే గట్ల మీద నడక తప్పుతుంది. మా జిల్లాలో కొనాలంటే డ్రై రన్ ప్రొటెక్షన్ తప్పకుండా ఉండాలి. బోరులో నీళ్లు తగ్గి మోటరు ఉత్తగా తిరిగితే అదే ఆపేస్తుంది, లేకపోతే మోటరు కాలిపోతుంది. ఇది త్రీఫేజ్ పని. యూట్యూబ్ చూసి మీరు బిగించొద్దు, మోటరు మెకానిక్‌ను పిలవండి. అందులోని సిమ్‌కు రీఛార్జ్ మీరు గుర్తుపెట్టుకుని చేయాలి.

తలకు కట్టుకునే ఛార్జింగ్ లైటు: వెయ్యి లోపు వస్తుంది. రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. ఫోన్ టార్చి కోసం బ్యాటరీ అయిపోవడం ఆగుతుంది.

బీపీ మిషన్: బీపీ మాత్రలు వాడే అమ్మ అయితే మణికట్టుకు కట్టేది కాకుండా భుజం కింద కట్టేది కొనండి. ఐదు నిమిషాలు కూర్చున్నాకే చూడాలని, అంకె చూసి సొంతంగా మాత్రలు మార్చొద్దని చెప్పండి.

స్మార్ట్‌ఫోన్ వద్దే వద్దనే అమ్మకు: కీప్యాడ్ 4జీ ఫోన్లున్నాయి. జియో భారత్ 2023లో 999 రూపాయలకు వచ్చింది, అందులో యూపీఐ కూడా ఉంది. మామూలు కీప్యాడ్ ఫోన్‌తో చెల్లించడానికి రిజర్వ్ బ్యాంకు 2022 మార్చిలో యూపీఐ 123పే తెచ్చింది. కీప్యాడ్ ఫోన్ ఇవ్వడం తక్కువ చేసినట్టు కాదు. ఆమె ధైర్యంగా వాడేదే మంచి ఫోన్.

బడ్జెట్ ఎలా పంచాలి

పదిహేను వేలు ఉన్నాయనుకోండి. మొత్తం ఫోన్‌కే పెట్టకండి. నా లెక్క ఇది: ఫోన్‌కు 11,500 నుంచి 12,000. మంచి కవర్, గ్లాస్, మెడ తాడు పౌచ్‌కు 700. ఒక ఏడాది రీఛార్జ్‌కు మిగిలినది, తక్కువ పడితే మీరు కలపండి. రీఛార్జ్ కలపడం ముఖ్యం, ఎందుకంటే నెల నెలా ఆ డబ్బు అడగడం ఇష్టం లేక డేటా ఆపేసుకునే అమ్మలు చాలామంది.

ఇచ్చే రోజు చెక్‌లిస్టు

ఫోన్‌ను కొరియర్‌లో ఊరికి పంపించకండి. మీరు తీసుకెళ్లండి, కనీసం రెండు రోజులు ఉండండి.

1. పాత ఫోన్‌లోని ఫోటోలు, వాట్సాప్ చాట్లు ముందు బ్యాకప్ చేయండి. సంఘం పుస్తకం ఫోటోలు అందులోనే ఉంటాయి.
2. భాష తెలుగు, ఫాంట్ పెద్దది, జీబోర్డ్‌లో తెలుగు వాయిస్ టైపింగ్.
3. మొదటి స్క్రీన్ మీద ఎనిమిది ఐకాన్లకు మించొద్దు. పాత ఫోన్‌లో వాట్సాప్ ఎక్కడుంటే ఇక్కడా అక్కడే పెట్టండి.
4. ముఖ్యమైన ఐదుగురి ఫోటోలతో నేరుగా కాల్ వెళ్లే షార్ట్‌కట్లు.
5. ఇంకెవరి ఈమెయిలో పెట్టకుండా ఆమె పేరు మీదే గూగుల్ ఖాతా. పాస్‌వర్డ్ కాగితం మీద రాసి ఆమె బీరువాలో.
6. మీరు చేసి చూపించొద్దు. ఫోన్ ఆమె చేతిలోనే ఉండాలి, మీరు పక్కన కూర్చుని చెప్పాలి. రెండో రోజు చెప్పకుండా చూడాలి.

ఆరో పాయింటే కష్టం. మనకు ఓపిక తక్కువ, ఫోన్ లాక్కుని రెండు సెకన్లలో చేసిచ్చేస్తాం. అలా చేసిన ప్రతిసారీ ఆమె నేర్చుకునేది "ఇది నావల్ల కాదు" అనే. మా అమ్మ మొదటి రోజు బ్యాలెన్స్ చూడటానికి పదకొండు నిమిషాలు తీసుకుంది. రెండో రోజు మూడు నిమిషాలు. ఇప్పుడు సంఘం మీటింగ్‌లో పక్కావిడకు తనే చూపిస్తోంది.

తేల్చి చెప్పాలంటే: ఎండలో కనబడే స్క్రీన్, 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, దుమ్ము ఆపే రేటింగ్, పక్క బటన్ సెన్సర్, 128 జీబీ, నాలుగేళ్ల అప్‌డేట్లు. ఈ ఆరూ ఉన్న ఫోన్ ఏ కంపెనీదైనా తీసుకోండి. దాంతో పాటు మీ సెలవుల్లో రెండు రోజులు పక్కన పెట్టుకోండి.